ఉప్పుగాలిలో మొదటి ఎలక్ట్రిక్ గిటారు: కొన్నేళ్ల వాడకం తరువాత

నరసాపురానికి దిగువన, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటికి ఎక్కువ దూరం లేని ఊళ్లో 2021 నుంచి ఒకే ఎలక్ట్రిక్ గిటారు వాడుతున్నాను. అది ఫెండర్ కంపెనీ ప్రసిద్ధ నమూనా స్ట్రాటోకాస్టర్ ఆకారంలో ఉంటుంది. స్కేలు (తీగ మోగే పొడవు) 25.5 అంగుళాలు, పికప్‌లు (తీగ కదలికను విద్యుత్తుగా మార్చేవి) మూడు. వాటిలో బ్రిడ్జి (గిటారు ఒంటి మీద తీగలు ఆనే భాగం) దగ్గరిది హంబకర్, మిగతా రెండూ సింగిల్ కాయిల్; వీటి తేడా కింద చెబుతాను. బ్రిడ్జిని ఊపి స్వరాన్ని పైకీ కిందికీ జరిపే కడ్డీ, అంటే ట్రెమోలో చెయ్యి కూడా ఉంది. కంపెనీ పేరు చెప్పడం లేదు, ఎందుకంటే ఇక్కడ రాసే మంచిచెడ్డలు పదిహేను, ఇరవై వేల రూపాయల మధ్య ఈ నమూనాలో దొరికే గిటార్లన్నిటిలోనూ కొద్ది తేడాతో ఉండేవే. కొనేటప్పుడు అందరి దృష్టీ రంగు మీదా, తల మీద రాసిన పేరు మీదా ఉంటుంది. అయితే మా వైపు కొత్తగా నేర్చుకునేవారు నాలుగు నెలలకే గిటారును అటక ఎక్కించడానికి నేను చూసిన ముఖ్య కారణం శ్రుతి నిలవకపోవడం. కాబట్టి ఈ సమీక్షలో దానికే పెద్దపీట వేస్తున్నాను.

ముందు అకౌస్టిక్ (కరెంటు లేకుండా మోగే, బోలు పెట్టె ఉన్న గిటారు) నేర్చుకుని ఆ తరువాత ఎలక్ట్రిక్‌కు రావాలని చాలామంది సలహా ఇస్తారు. నేను దానితో ఏకీభవించను. అకౌస్టిక్‌కు మామూలుగా వేసే తీగల్లో అన్నిటికన్నా సన్ననిది 0.012 అంగుళాలు ఉంటే, ఎలక్ట్రిక్‌కు వేసేది 0.009 మాత్రమే. కొత్తవారిని ఏడిపించే ఎఫ్ బారే కార్డు (ఒకే వేలితో తీగలన్నిటినీ అడ్డంగా నొక్కి పట్టే స్వరాల కూర్పు) దీని మీద సగం శ్రమతో పలుకుతుంది. పైగా అకౌస్టిక్‌లో మూడో తీగకు (సన్నతీగ వైపు నుంచి లెక్కిస్తే) పైన మరో లోహపు తీగ చుట్టి ఉంటుంది, ఎలక్ట్రిక్‌లో అది సాదా తీగ. అందువల్ల దాన్ని పక్కకు లాగి స్వరాన్ని పైకి జరపడం సులువు. మన పాటల్లో స్వరం ఉన్నచోట నిలబడదు, ఊగుతుంది, జారుతుంది. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) కర్ణాటక సంగీతం కోసం మాండలిన్‌లోని జంట తీగలు వదిలేసి, ఎలక్ట్రిక్ మాండలిన్ మీద అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నది కూడా ఆ గమకం కోసమే.

గమకం మాట వచ్చింది కాబట్టి ట్రెమోలో బ్రిడ్జి సంగతి చెప్పాలి. ఈ బ్రిడ్జి స్ప్రింగుల మీద తేలుతూ ఉంటుంది. మూడో తీగను గట్టిగా లాగితే బ్రిడ్జి ముందుకు వాలి మిగతా అయిదు తీగల శ్రుతి దిగిపోతుంది, వాటిలో ఏ ఒక్కటి తోడుగా మోగుతున్నా అపశ్రుతి వినబడుతుంది. తీగ తెగితే పరిస్థితి ఇంకా విచిత్రం: మిగిలినవన్నీ పైకి ఎక్కిపోతాయి. గిటారు వెనక మూత విప్పి చూస్తే అయిదు స్ప్రింగులకు చోటుంది, కంపెనీవారు వేసింది మూడు. మరో రెండు తగిలించి, తీగలు వదులు చేసి, స్ప్రింగుల కొక్కేన్ని పట్టుకుని ఉన్న రెండు పొడవాటి మరలను బ్రిడ్జి వెనక అంచు చెక్కకు ఆనేదాకా బిగించాను. ఆ పూట నుంచి ఇది దాదాపు కదలని బ్రిడ్జి లాగే పనిచేస్తోంది, శ్రుతి కూడా ముందుకన్నా చాలా బాగా నిలుస్తోంది. ట్రెమోలో చెయ్యి ఏ డ్రాయరులో ఉందో వెతకాలి.

అందుచేత కొత్తగా కొనేవారికి కదలని బ్రిడ్జి ఉన్న గిటారే తీసుకోమంటాను. ఫెండర్ వారిదే మరో నమూనా టెలికాస్టర్ ఆకారంలో వచ్చేవాటికి చాలావరకు అలాంటి బ్రిడ్జే ఉంటుంది. గిబ్సన్ కంపెనీ నమూనా లెస్ పాల్ ఆకారంలోనూ బ్రిడ్జి కదలదు, స్కేలు 24.75 అంగుళాలే కాబట్టి తీగలు ఇంకాస్త మెత్తగా ఉంటాయి. అయితే దాని తల వెనక్కి వాలి ఉండటంతో కింద పడితే తల దగ్గరే విరుగుతుంది. మెత్తని సంచిలో వేసుకుని మోటారు సైకిలు మీద తిరిగేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇక గుంయ్‌మనే రొద. సింగిల్ కాయిల్ పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు తిప్పిన సన్నని రాగి తీగ. అది గిటారు తీగ కదలికతో పాటు ఇంట్లోని 50 హెర్ట్జ్ కరెంటు రొదనూ పట్టుకుంటుంది. 1955లో గిబ్సన్ కంపెనీలో సేత్ లవర్ రూపొందించిన హంబకర్‌లో రెండు చుట్టలను ఎదురెదురుగా కలపడం వల్ల రొద తనకు తానే రద్దయి, తీగ ధ్వని మాత్రం మిగులుతుంది. ఫ్యాను రెగ్యులేటరు, చవక ఎల్‌ఈడీ బల్బులు, చోకు ఉన్న పాత ట్యూబులైటు ఒకే గదిలో ఉండే మన ఇళ్లకు కనీసం ఒక హంబకర్ అవసరమే. నా గిటారులో సింగిల్ కాయిల్ స్వరం తియ్యగా ఉంటుందని ఒప్పుకుంటాను, అయినా సాయంత్రాలు వాయించేది హంబకర్ మీదనే.

తీగలు ముట్టుకున్నప్పుడు రొద తగ్గితే అది సహజం, ఎందుకంటే తీగలు బ్రిడ్జి ద్వారా గ్రౌండుకు కలిపి ఉంటాయి. ముట్టుకున్నప్పుడు వేళ్లకు చురుక్కుమంటే మాత్రం అది సహజం కాదు, ఆ క్షణమే ఆంప్ (గిటారు ధ్వనిని పెంచి వినిపించే యాంప్లిఫయరు) ప్లగ్గు తీసేయాలి. మా ఇంట్లో అలాగే అయింది. ఎలక్ట్రీషియను వచ్చి స్విచ్చు బోర్డు విప్పితే, మూడో రంధ్రానికి రావలసిన పచ్చ వైరు కొస గోడలోనే ముడి వేసి ఉంది. ఇల్లు కట్టిన నాటి నుంచీ ఆ సాకెట్టుకు ఎర్తింగే లేదు. వైరు కలిపాక చురుక్కుమనడం పోయింది, రొద కూడా సగానికి తగ్గింది. పాత ఇళ్లలో ఉండేవారు ఆంప్ కొనకముందే ఈ పని చేయించుకోవాలి.

ఉప్పుగాలి ప్రభావం నేను అనుకున్నదానికన్నా ఎక్కువ. వానాకాలంలో తీగలు మూడు వారాలకే నల్లబడి, వేలు జరిపితే గరగరమంటాయి. బ్రిడ్జి మీద తీగల ఎత్తు మార్చే బుల్లి మరలు తుప్పుపట్టి అలెన్ కీకి తిరగకుండా మొరాయించాయి. ఒక్కొక్క మరకు సూదిమొనతో కుట్టుమిషను నూనె చుక్క వేసి, రాత్రంతా వదిలేస్తే పొద్దుటికి కదిలాయి. అప్పటి నుంచి ఆర్నెల్లకోసారి ఆ చుక్క వేస్తున్నాను. వాయించడం కాగానే పొడిగుడ్డతో తీగల పైనే కాక అడుగున కూడా తుడవాలి. ధర రెట్టింపున్నా, పైపూత వేసిన తీగలు ఈ గాలికి గిట్టుబాటవుతాయి. సంచిలో సిలికా జెల్ పొట్లాలు వేసి, నీలి గింజలు గులాబి రంగుకు తిరగగానే మార్చేస్తాను. రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డుకు (వేళ్లతో తీగలు నొక్కే పలకకు) ఏడాదికోసారి దానికోసం అమ్మే నూనె రాస్తే చాలు. కోనసీమ చుట్టాలు కొబ్బరినూనె రాయమంటారు గానీ, అది చలికి గడ్డకట్టి, ఫ్రెట్ల (ఆ పలక మీది లోహపు మెట్ల) పక్కన దుమ్ముతో కలిసి జిడ్డుగా పేరుకుంటుంది.

కొత్త గిటారు పెట్టెలోంచి తీసినప్పుడు తీగలు ఎత్తుగా ఉన్నాయి. పన్నెండో ఫ్రెట్ దగ్గర లావుతీగ కింద 2 మిల్లీమీటర్లు, సన్నతీగ కింద 1.5 ఉండేలా దించాక వేళ్లకు హాయిగా ఉంది. శ్రుతి చేసేటప్పుడు మూడో తీగ టింగుమని ఒక్కసారిగా ఎగిరితే, నట్ (తల దగ్గర తీగలు ఆనే పట్టీ) గాడిలో అది ఇరుక్కుంటోందని గ్రహించాలి. గాడిలో పెన్సిలు ముల్లు రుద్దితే జారుతుంది. ఎండాకాలానికీ వానాకాలానికీ నెక్ (గిటారు మెడ) వంపు మారుతుంటుంది. మెడ లోపల ఉండి ఆ వంపు సరిచేసే ట్రస్ రాడ్‌ను ఒకసారికి పావు చుట్టు మించి తిప్పకూడదు, చేతకాకపోతే తెలిసినవారికి అప్పగించాలి. కేబులు దూర్చే జాక్ వదులై లోపలి వైరు తెగినప్పుడు మాత్రం గిటారు మెకానిక్కు కోసం రాజమండ్రి దాకా పోనక్కరలేదు. మా బజారులో సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడు రెండు నిమిషాల్లో టంకం వేసి ఇచ్చాడు.

ఆంప్ విషయంలో చెప్పేది కొద్దే. ఇంటికి 10 వాట్లు ఎక్కువే, హెడ్‌ఫోన్ రంధ్రం తప్పనిసరి. కరెంటు పోయే వేసవి రాత్రుల కోసం గిటారుకే తగిలించుకునే, బ్యాటరీతో నడిచే హెడ్‌ఫోన్ ఆంప్ ఒకటి కొన్నాను, దాని విలువ మే నెలలో తెలుస్తుంది. చర్చిలో క్రిస్మస్‌కు వాయించేవారు గిటారును నేరుగా సౌండ్ మిక్సరుకు కలిపితే ధ్వని పీలగా వస్తుంది. ఆంప్ ధ్వనిని అనుకరించే చిన్న మల్టీ ఎఫెక్ట్స్ పెడల్ మధ్యలో ఉండాలి. గిటారు, ఆంప్, సంచి అన్నీ కలిపి ఒకే పెట్టెలో అమ్మే కిట్లలో ఆంప్ నాసిగా ఉంటుంది, విడిగా కొనడమే నయం.

ఆన్‌లైన్‌లో ధర తగ్గినా, మొదటి గిటారును చేత్తో పట్టుకుని చూసి కొనడం మేలు. లావుతీగను మొదటి ఫ్రెట్ దగ్గరా, చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కి పట్టి, ఏడో ఎనిమిదో ఫ్రెట్ మీద విజిటింగ్ కార్డు మందం సందు ఉందో లేదో చూడాలి. ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్ దగ్గరా ఒకసారి మోగించాలి. పన్నెండో ఫ్రెట్ మీద తీగను ముట్టీముట్టనట్టు తాకి మీటినప్పుడు వచ్చే స్వరమూ, అక్కడే నొక్కి మీటినప్పుడు వచ్చే స్వరమూ ట్యూనరు మీద ఒక్కటిగా చూపించాలి. చివరగా ఆంప్‌కు కలిపి, నాబ్‌లు తిప్పుతూ బరబరమంటాయేమో వినాలి. ఇవన్నీ చూసుకోనివ్వని దుకాణంలో ఎంత తగ్గించి ఇస్తామన్నా నేను కొనను.