మంచిపనికి చేసే బీరు: ఐపీఏనా, ఆంబరా, గోధుమ బీరా, బ్లాండా?

సహాయ నిధి కోసం ఊళ్లోని చిన్న బ్రూవరీ ఒక ట్యాంకు ఇస్తానంటుంది. మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) ఒకరు, హాప్స్ (బీరుకు చేదూ వాసనా ఇచ్చే పువ్వులు) ఇంకొకరు ఉచితంగా ఇస్తామంటారు. అంతా కుదిరాక కమిటీలో వాదన మొదలయ్యేది ఒక్కచోటే: ఏ బీరు చేద్దాం? బీరంటే ప్రాణం పెట్టేవాళ్లు తమకిష్టమైన రకాన్నే పట్టుకు కూర్చుంటారు. అమెరికాలో మన సంఘాలు కూడా ఇలాంటి కార్యక్రమాలు తలపెడుతున్నప్పుడు నన్ను అడిగితే ఒకటే చెబుతాను. చేసేవాళ్ల ముచ్చట తర్వాత, ముందు కౌంటరు దగ్గరికొచ్చే మామూలు మనిషి రెండో గ్లాసు అడుగుతాడా లేదా చూడాలి. నిధికి డబ్బు వచ్చేది ఆ రెండో గ్లాసుతోనే. మొదటిది ఎలాగూ మొహమాటానికి కొంటారు.

ముందు ఐపీఏ (ఇండియా పేల్ ఏల్, హాప్స్ దండిగా వేసే చేదు బీరు) సంగతి, ఎందుకంటే దాని వెనక గట్టి ఉదాహరణ ఉంది. 2018 నవంబరు 8న కాలిఫోర్నియాలో మొదలైన ‘క్యాంప్ ఫైర్’ అనే కార్చిచ్చు మంటలు పారడైజ్ పట్టణాన్ని బూడిద చేశాయి. 85 మంది చనిపోయారు. పక్కనే చీకోలో ఉన్న సియెర్రా నెవాడా బ్రూవరీ ‘రెజిలియెన్స్’ అనే ఐపీఏ రెసిపీని అందరికీ ఇచ్చేసి, మీరూ చేయండి, అమ్మిన డబ్బంతా బాధితులకు పంపండి అని అడిగింది. 1,400కు పైగా బ్రూవరీలు కదిలాయి. అంతమంది చేయగలిగారంటే ఐపీఏ కావడం ఒక కారణం: అందులో వాడిన సెంటెనియల్, క్యాస్కేడ్ హాప్స్ దాదాపు ప్రతి క్రాఫ్ట్ (చిన్నస్థాయి) బ్రూవరీకీ అలవాటైనవే, పైగా వాళ్ల ట్యాప్‌రూముకు (బ్రూవరీలోనే బీరు పోసే గదికి) రోజూ వచ్చేవాళ్లు ఐపీఏ తాగేవాళ్లే. విపత్తు వచ్చినప్పుడు, ఉన్న ఖాతాదారులతోనే త్వరగా డబ్బు పోగుచేయాలంటే నేనూ ఐపీఏకే ఓటేస్తాను.

అదే బీరును గుడి పక్క పార్కులోనో, స్కూలు మైదానంలోనో పెట్టిన పందిరి కింద పోసి చూడండి. 6.5 శాతం ఆల్కహాలు, చేదును కొలిచే ఐబీయూ లెక్కలో 60 దాటిన చేదు. ఒకావిడ చిన్న కప్పు అందుకుని వాసన చూస్తుంది, బాగానే ఉందనుకుని ఒక గుక్క తాగుతుంది, పెదవులు బిగిస్తుంది. కప్పు మెల్లిగా బల్ల చివరకు జరుపుతూ, “చేదు లేనిది ఇంకేమైనా ఉందాండీ?” అంటుంది. ఆవిడ వెనక నిలబడ్డవాళ్లంతా ఆ ముఖమే చూస్తారు, వరుస అక్కడే పలచబడుతుంది. ఇంకో మాట, అక్కడికొచ్చినవాళ్లలో చాలామంది కారు నడుపుకుంటూ ఇంటికెళ్లాలి. 4.5 శాతం బీరుకీ 6.5 శాతం బీరుకీ ఉన్న తేడా అప్పుడు చిన్నదేం కాదు. ఖర్చూ అంతే, ఐపీఏకు బ్యారెల్‌కు (సుమారు 117 లీటర్లకు) రెండు మూడు పౌండ్ల హాప్స్ పోయాలి, తేలికపాటి ఏల్‌కు (వెచ్చగా, త్వరగా పులిసే రకం బీరుకు) అరపౌండు చాలు.

స్టౌట్ అనే నల్లబీరు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2020లో శాన్ ఆంటోనియోలోని వెదర్డ్ సోల్స్ బ్రూవరీకి చెందిన మార్కస్ బాస్కర్‌విల్ నల్లజాతివారికి జరిగే అన్యాయానికి నిరసనగా ‘బ్లాక్ ఈజ్ బ్యూటిఫుల్’ పేరుతో ఇంపీరియల్ (బాగా ఘాటైన) స్టౌట్ రెసిపీ పంచితే వెయ్యికి పైగా బ్రూవరీలు చేశాయి. అక్కడ నలుపే సందేశం కాబట్టి స్టౌటే సరైనది. అలాంటి కారణం లేనప్పుడు ఎండాకాలం సభలో చిక్కటి నల్లబీరు కెగ్గులు (పీపాలు) ఖాళీ కావు.

లాగర్ (చల్లగా, నెమ్మదిగా పులిసే తేట బీరు) అంటే ఎవరూ ముఖం తిప్పుకోరు, అది నిజం. స్కాట్లండులో 2016లో మొదలైన బ్రూగుడర్ సంస్థ తాగునీటి పథకాల కోసం మొదట ఎంచుకున్నదీ లాగరే. చిక్కు ట్యాంకు దగ్గరుంది. లాగర్ చల్లగా నెలన్నర దాకా పడుకోవాలి, ఏల్ రెండు మూడు వారాల్లో అయిపోతుంది. అరువు తెచ్చుకున్న ట్యాంకు అది, మన బీరు అందులో ఉన్నన్నాళ్లూ ఆ బ్రూవరీ తన సరుకు చేసుకోలేదు. దాత ఇచ్చిన వాటిలో అన్నిటికన్నా ఖరీదైనది ఆ సమయమే అని నా నమ్మకం. అదీగాక లాగర్‌లో చిన్న లోపం కూడా దాగదు, ఈస్ట్ పని పూర్తికాకపోతే వెన్న వాసన గ్లాసు ఎత్తగానే తెలిసిపోతుంది.

ఆంబర్ అనే ఎర్రటి రంగు ఏల్ మీద నాకు గౌరవం ఎక్కువ. మినియాపొలిస్‌లో జాకీ బెర్గ్లండ్ 2000లో మొదలుపెట్టిన ఫిన్నెగన్స్‌ను నిలబెట్టింది ఐరిష్ ఆంబర్. దాన్లో బంగాళాదుంపలు కూడా వేసేవారు. లాభమంతా ఆకలి తీర్చే పనులకు. ఆవిడ ముందే సొంత బ్రూవరీ కట్టుకోలేదు, సెయింట్ పాల్‌లోని సమ్మిట్ బ్రూవరీలో చేయించుకుని ఏళ్ల తరబడి అమ్మింది. సొంత బ్రూవరీ 2018లో గానీ రాలేదు. ఒక్కరోజు సభకు కాకుండా ఏడాది పొడుగునా బార్లలో నిలవాలంటే ఆంబర్ లాంటిది కావాలి: కాస్త కారమెల్ తీపి, కాల్చిన రొట్టె వాసన, భోజనం పక్కన ఇమిడిపోయే చేదు. ఇప్పుడు కొత్తగా తాగేవాళ్లు ఆంబర్ కోసం వెతుక్కుంటూ రావడం తగ్గింది, అదొక్కటే నా సంకోచం.

ఇదే పని హైదరాబాదులో చేస్తే నా లెక్క మారుతుంది. అక్కడి మైక్రోబ్రూవరీల్లో అడుగుపెట్టినవాళ్లు ముందు అడిగేది గోధుమ బీరే. చేదు దాదాపు ఉండదు, అరటిపండు వాసన, లవంగం ఘాటు ఈస్ట్ నుంచే వస్తాయి, మన నాలుకకు కొత్త కాదు. గోధుమ గింజకు పొట్టుండదు కాబట్టి వడకట్టేటప్పుడు గుజ్జు బిగుసుకుపోతుంది, అందుకే వరి ఊక కలుపుతారు. ఊకకు మన దగ్గర కొదవా! కానీ ఈ బీరు తాజాగా ఉన్నప్పుడే బాగుంటుంది, కొన్ని వారాలు డబ్బాల్లో నిలవపెట్టి అమ్మే ఆలోచన ఉంటే వద్దు. అమెరికాలో ఆ అరటిపండు వాసన పడనివాళ్లు కూడా బాగానే తగులుతారు.

అందుకే అక్కడి సభకైతే నా ఓటు బ్లాండ్ ఏల్‌కు. నాలుగు నుంచి ఐదున్నర శాతం ఆల్కహాలు, 15–28 ఐబీయూ, లేత బంగారు రంగు. మామూలు బార్లీ మాల్టు, నురగ నిలవడానికి పిడికెడు గోధుమ, బ్రూవరీ రోజూ వాడే ఏల్ ఈస్టే చాలు. లాగర్ తాగేవాళ్లు ఇది వేరే రకం బీరని గమనించనే గమనించరు, క్రాఫ్ట్ బీరు తెలిసినవాళ్లు శుభ్రంగా చేశారని మెచ్చుకుంటారు. అందులో సగాన్ని వేరే ట్యాంకులోకి తీసి మామిడి గుజ్జు కలిపితే ఒక్క వంటతో రెండు ట్యాపులు నడుస్తాయి. ఆ గుజ్జులో చక్కెర ట్యాంకులోనే పూర్తిగా పులిసిపోవాలి, డబ్బాల్లోకి వెళ్లాక పులిస్తే పేలతాయి. ఏడు బ్యారెళ్ల వంటంటే కాగితం మీద 1,736 పైంట్లు. నురగకూ అడుగుకూ పోయేది తీసేసి 1,500కే ప్రచారం చేయండి.

రకం ఏదైనా రెండు సంగతులు ముందే తేల్చుకోవాలి. అమెరికాలో 1978 చట్టం ఇంట్లో బీరు చేసుకోనిస్తుంది, అమ్మనివ్వదు, కాబట్టి లైసెన్సున్న బ్రూవరీ తప్పనిసరి. ఇక నిధికి వెళ్లేది అమ్మకాల మొత్తమా, లాభమా అన్నది బోర్డు మీద స్పష్టంగా రాయాలి. రెజిలియెన్స్‌ది మొదటి పద్ధతి, ఫిన్నెగన్స్‌ది రెండోది. రెండూ మంచివే, కొనేవాళ్లకు తెలియాలి అంతే.

ఇంతా చెప్పాక కూడా కమిటీలో పట్టుదల తగ్గకపోతే బ్లాండ్, ఆంబర్, ఐపీఏ మూడూ పేర్లు చెప్పకుండా ఒకే రకం కప్పుల్లో పోసి, బీరు పెద్దగా తాగని పదిమందికి ఇవ్వండి. బాగుందా అని అడగొద్దు, మొహమాటానికి అందరూ బాగుందనే అంటారు. ఏ కప్పులు ఖాళీగా తిరిగొచ్చాయో లెక్కపెట్టి, ఆ బీరే చేయండి.