డెలివరీ కవర్ ఉన్న హెల్త్ పాలసీ: ఏడేళ్లు, రెండు కాన్పుల తర్వాత నా సమీక్ష

మెటర్నిటీ కవర్ ఉన్న పాలసీ కొనాలా వద్దా అని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. కాన్పు ఖర్చు కోసమైతే అంత ఆరాటపడక్కర్లేదు. పుట్టే బిడ్డ కోసమైతే మాత్రం తప్పకుండా చూసుకోండి. ఈ తేడా నాకు పాలసీ కొన్న రోజు ఎవరూ చెప్పలేదు, రెండో కాన్పులో బాబు ఎన్ఐసీయూలో (పుట్టిన పిల్లల ఐసీయూ) ఉన్నప్పుడు తెలిసొచ్చింది.

పెళ్లయిన ఏడాది, 2018 డిసెంబరులో, మా ఇద్దరికీ కలిపి ఐదు లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ తీసుకున్నాం. నేను ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతాను, నాకు ఉద్యోగం తరఫున ఇన్సూరెన్స్ లేదు. మా వారు అప్పుడు పనిచేసే చిన్న కంపెనీలోనూ లేదు. ఏజెంటు బ్రోషర్ తెచ్చి "మేడమ్, ఇందులో డెలివరీ కూడా కవర్ అవుతుంది" అన్నారు. బ్రోషర్‌లో ఉండేది ఆ ఒక్క ముక్కే. మేం పట్టుబట్టి పాలసీ వర్డింగ్స్ (షరతులన్నీ ఉండే పత్రం) మొత్తం పీడీఎఫ్ తెప్పించుకుని చదివాం. పదాలు బరువుగా ఉన్నా మెటర్నిటీకి సంబంధించినవి రెండు పేజీలే, ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది.

మన దేశంలో వ్యక్తిగత హెల్త్ పాలసీలన్నిటికీ బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఒకే రకం మినహాయింపుల జాబితా ఇచ్చింది. అందులో పద్దెనిమిదోది మెటర్నిటీ. అంటే పాలసీలో విడిగా రాసి ఇస్తే తప్ప కాన్పు, సిజేరియన్ ఖర్చు కంపెనీ ఇవ్వదు. ఇచ్చే పాలసీలు కూడా వెయిటింగ్ పీరియడ్ పెడతాయి, అంటే కొన్నాక అన్నాళ్లు గడిచేదాకా కాన్పు ఖర్చు ఇవ్వవు. మేం చూసిన వాటిలో తొమ్మిది నెలలది ఉంది, నాలుగేళ్లదీ ఉంది. తొమ్మిది నెలల దానికి ప్రీమియం చూస్తే కళ్లు తిరిగాయి. మధ్యస్థంగా 24 నెలలది ఎంచుకున్నాం. అప్పటికే గర్భవతి అయినవాళ్లు పాలసీ కోసం పరుగెత్తితే ఆ కాన్పుకు ఏ ఉపయోగమూ ఉండదు, చాలా కంపెనీలు అసలు కాన్పు అయ్యాకే రమ్మంటాయి. కాబట్టి దీని గురించి ఆలోచించాల్సింది పెళ్లి శుభలేఖలు పంచే రోజుల్లోనే. వెయిటింగ్ లెక్క గర్భం వచ్చిన తేదీకి చూస్తారా, కాన్పు తేదీకి చూస్తారా అన్నది కూడా వర్డింగ్స్‌లో వెతుక్కోవాలి. మాది కాన్పు తేదీకే. మధ్యలో రెన్యూవల్ తప్పిపోతే ఆ లెక్కంతా మొదటికొస్తుంది, అందుకే మేం ప్రీమియం ఆటో డెబిట్‌లో పెట్టాం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఇది చాలామంది ఆడవాళ్లకి తెలియదు. ఆ మెటర్నిటీ మినహాయింపులోంచి ఎక్టోపిక్ ప్రెగ్నెన్సీని, అంటే గర్భసంచి బయట, ఎక్కువగా ట్యూబులో, పిండం నిలవడాన్ని తప్పించారు. మెటర్నిటీ కవర్ లేని మామూలు పాలసీ ఉన్నా ఆ ఆపరేషన్ ఖర్చు ఇవ్వాల్సిందే. మా పిన్ని కూతురికి అలాగే జరిగింది. రాత్రికి రాత్రి ఆపరేషన్, లోపల రక్తస్రావం. తర్వాత కంపెనీ నుంచి "ప్రెగ్నెన్సీకి సంబంధించిన ఖర్చు, పాలసీలో లేదు" అని రిజెక్షన్ మెయిల్. ఆ క్లాజు కాపీ చేసి, స్కానింగ్ రిపోర్టు జతపెట్టి మళ్లీ పంపితే డబ్బు వచ్చింది. ఆ స్థితిలో ఉన్న మనిషికి అంత ఓపిక ఉండదు, ఇంట్లో ఎవరో ఒకరు ఆ కాగితం చదివి ఉండాలి.

ఇక డబ్బు లెక్క. మెటర్నిటీ ఉన్నందుకు మాకు ఏడాదికి ఎనిమిది వేల పైచిలుకు ఎక్కువ పడింది. మొదటి కాన్పు నాటికి నాలుగు ప్రీమియాలు కట్టాం, అంటే ముప్పై వేలు దాటింది. పాలసీలో లిమిట్ మామూలు కాన్పుకు 30 వేలు, సిజేరియన్‌కు 50 వేలు. ఐదు లక్షల పాలసీ కాబట్టి కాన్పుకీ ఐదు లక్షల దాకా ఇస్తారని అనుకునేవాళ్లు ఉంటారు, కాదు. స్కానింగులు, నెలనెలా చెకప్‌లు, మందులు కూడా అదే 50 వేలలో కలిసిపోతాయి. మీరు సిజేరియన్ లిమిట్ మీదే దృష్టి పెట్టండి. ఎందుకంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 21.5 శాతం. ఇంత ఎక్కువ కోతలు అవసరమా అన్న బాధ నాకూ ఉంది. కానీ పాలసీ కొనేటప్పుడు మనం ఉన్న చోటును బట్టే లెక్క వేసుకోవాలి.

మొదటి కాన్పు 2022 జనవరిలో, తెనాలిలో. మొదటి పురుడు పుట్టింట్లోనే పోయాలని అమ్మ పట్టు. హైదరాబాద్‌లో కూర్చుని నెట్‌వర్క్ ఆసుపత్రుల (కంపెనీతో ఒప్పందం ఉన్నవాటి) జాబితా చూసుకునే మనవాళ్లు ఈ ఆచారం సంగతి మర్చిపోతారు. ఏడో నెల సీమంతం అయ్యాక అమ్మాయి వెళ్లేది గుంటూరుకో, జగిత్యాలకో, శ్రీకాకుళానికో. అక్కడ నమ్మకమైన డాక్టరమ్మ ఉండే నర్సింగ్ హోమ్ నెట్‌వర్క్‌లో ఉండకపోవచ్చు. మాదీ అంతే, చేతి నుంచి కట్టి తర్వాత రీయింబర్స్‌మెంట్ అడగాల్సి వచ్చింది. 2024 జనవరి నుంచి నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రుల్లోనూ క్యాష్‌లెస్ (బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టడం) ఇచ్చే పద్ధతి మొదలైంది. ముందే ప్లాన్ చేసుకున్న అడ్మిషన్ అయితే 48 గంటల ముందు కంపెనీకి చెప్పాలి. ఆసుపత్రికి కనీసం 15 పడకలు ఉండాలి, వాళ్లూ ఒప్పుకోవాలి. చిన్న ఊళ్లలో చాలా నర్సింగ్ హోములు ఆ పడకల సంఖ్య దగ్గరే ఆగిపోతాయి.

తెనాలిలో ఇచ్చిన బిల్లు ఒకే ఒక్క వాక్యం: "సిజేరియన్ డెలివరీ ప్యాకేజీ, 85,000". కంపెనీకి అది పనికిరాదు. గది అద్దె ఎంత, సర్జన్ ఫీజు ఎంత, మత్తు డాక్టరుకు ఎంత, థియేటర్‌కు ఎంత, మందులకు ఎంత అని విడగొట్టి, ఆసుపత్రి రిజిస్ట్రేషన్ నంబరుతో లెటర్‌హెడ్ మీద కావాలన్నారు. పచ్చి బాలింతను, నేను వెళ్లే స్థితిలో లేను. నాన్నే ఆ నర్సింగ్ హోమ్ చుట్టూ తిరిగారు. కాగితం చేతికి వచ్చేసరికి ఆయనకి తల ప్రాణం తోకకొచ్చింది. మీరు ప్యాకేజీ మాట్లాడుకునే రోజే "డిశ్చార్జ్ అప్పుడు బ్రేకప్ బిల్లు ఇవ్వాలి" అని చెప్పి ఒప్పించుకోండి. చివరికి 50 వేలూ పూర్తిగా వచ్చాయి. అప్పటికి పాప మూడో నెలలో ఉంది.

అంటే ముప్పై వేలకు పైగా ఎక్కువ కట్టి, యాభై వేలు వెనక్కి తీసుకున్నాం. నష్టం లేదు, గొప్ప లాభమూ లేదు. ఆ క్లెయిమ్ వల్ల ఆ ఏడాది నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏడాదికి ఇచ్చే బోనస్) కూడా పోయింది. ఇక్కడితో ఆగి ఉంటే ఈ పాలసీకి ఐదులో రెండున్నర మార్కులే వేసేదాన్ని.

రెండో కాన్పు 2024 ఆగస్టులో. నాకు ఆరో నెల నుంచి బీపీ పెరుగుతుండటంతో ఈసారి పుట్టింటికి వద్దని డాక్టరు చెప్పారు. హైదరాబాద్‌లోనే, నెట్‌వర్క్‌లో ఉన్న, ఎన్ఐసీయూ ఉన్న ఆసుపత్రి చూసుకున్నాం. మొదటి క్లెయిమ్ తర్వాత రెండో దానికి మళ్లీ 24 నెలలు ఆగాలని మా పాలసీలో ఉంది. ఆ గడువు దాటింది. బాబు 34 వారాలకే పుట్టాడు. ఊపిరి అందక వెంటనే సీపాప్ (ఊపిరికి సాయం చేసే మెషీన్) మీద పెట్టారు.

పుట్టిన బిడ్డకి పేరుండదు కదా. కాలికి కట్టిన పట్టీ మీద "బేబీ ఆఫ్" అని రాసి, పక్కన నా పేరు రాశారు. ఫైలు, రక్తపరీక్షలు, మందుల బిల్లులు అన్నీ అదే పేరు మీద. దాంతో ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్ వాళ్లు బాబు ఖర్చుని కూడా నా కాన్పు క్లెయిమ్‌లోనే కలిపి పంపేశారు. వచ్చిన జవాబు: మెటర్నిటీ లిమిట్ 50 వేలు అయిపోయింది, మిగతాది మీరే కట్టుకోవాలి. ఎన్ఐసీయూలో రోజుకు పదిహేను వేలు, ఇరవై వేలు అవుతున్న సమయం అది. మా వారు ఫోన్‌లో వర్డింగ్స్ తెరిచి డెస్క్ ముందు పెట్టారు. తల్లి కాన్పు క్లెయిమ్ చెల్లుబాటు అయితే, బిడ్డకు పుట్టిన రోజు నుంచి 90 రోజుల దాకా వైద్యం ఖర్చు మొత్తం సమ్ ఇన్సూర్డ్‌లోంచి, అంటే ఆ ఐదు లక్షల్లోంచి, ఇస్తామని అక్కడ స్పష్టంగా ఉంది. మెటర్నిటీ లిమిట్‌తో దానికి సంబంధం లేదు. బాబు ఐపీ నంబరు (అడ్మిషన్ నంబరు) మీద విడిగా ప్రీ-ఆథరైజేషన్ (ముందస్తు ఆమోదం కోరే కాగితం) పంపించమని డెస్క్ వాళ్లకి చెప్పారు. పంపించాక సాయంత్రానికల్లా ఆమోదం వచ్చింది. బాబు బిల్లు మొత్తం రెండు లక్షలు దాటింది, అందులో లక్షా ఎనభై వేల దాకా కంపెనీయే కట్టింది.

మేం 2018లో చూసి వదిలేసిన ఇంకో పాలసీలో కాన్పు లిమిట్ లక్ష రూపాయలు. చూడ్డానికి మాదానికంటే ఎంతో మెరుగు. కానీ బిడ్డ ఖర్చు కూడా ఆ లక్షలోనే. అది తీసుకుని ఉంటే ఆ ఆగస్టులో అప్పు చేయాల్సి వచ్చేది. అందుకే ఎవరు అడిగినా "లిమిట్ ఎంత" అన్న ప్రశ్న కంటే ముందు "బిడ్డకు మొదటి రోజు నుంచి ఉందా, ఉంటే ఏ ఖాతాలోంచి" అని అడగమంటాను. బిడ్డ కవర్‌కి నేను వేసే మార్కులు ఐదుకి ఐదు. కంపెనీ ఇవ్వనివాటిలో గ్లవ్స్, డైపర్ల లాంటివి, బేబీ ఫుడ్ ఉన్నాయి. పాలపొడి బిల్లు చూసి వాదనకు దిగకండి, ఐఆర్‌డీఏఐ జాబితాలోనే అది చెల్లించనక్కర్లేని వస్తువుగా ఉంది.

క్యాష్‌లెస్ వేగం మాత్రం బాగా మెరుగైంది. 2024 మే 29 నాటి ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ ప్రకారం అడిగిన గంటలో జవాబు చెప్పాలి, డిశ్చార్జ్ అప్పుడు మూడు గంటల్లో తేల్చాలి. అంతకు మించి ఆలస్యమై ఆసుపత్రి అదనంగా వసూలు చేస్తే అది కంపెనీయే భరించాలి. ఆలస్యమయ్యేదల్లా క్వెరీల (కంపెనీ అడిగే ప్రశ్నల) దగ్గరే. నాకు వచ్చిన క్వెరీలు: ఎల్ఎంపీ (చివరి నెలసరి) తేదీ ఏది, ఎన్నో కాన్పు, బీపీ ఎప్పటి నుంచి. ఈ మూడోది చాలా ముఖ్యం. నాకు బీపీ గర్భంతో వచ్చింది. కేస్ షీట్‌లో డ్యూటీ డాక్టరు హడావుడిగా "రెండేళ్ల నుంచి" అని రాసేస్తే పాత జబ్బు దాచిపెట్టారని పేచీ మొదలవుతుంది. అడ్మిషన్ రోజే ఆ కాగితం అడిగి చదవండి, తప్పుంటే అక్కడికక్కడే దిద్దించండి.

మధ్యలో మా వారు మారిన కంపెనీలో గ్రూప్ పాలసీ ఉంది, మెటర్నిటీ చేరిన రోజు నుంచే, 50 వేల దాకా. అది ఉంది కదా అని మాది వదిలేయలేదు, ఉద్యోగం మారితే ఆ కవర్ అక్కడే ఆగిపోతుంది కాబట్టి. రెండూ ఉన్నందువల్ల నా సిజేరియన్ బిల్లులో మా పాలసీ ఇచ్చిన 50 వేలు పోను మిగిలింది గ్రూప్ పాలసీలో అడిగాం. మొదటి కంపెనీ ఇచ్చే సెటిల్‌మెంట్ లెటర్, ఆసుపత్రి ముద్ర వేసిన బిల్లుల కాపీలు ఉంటే చాలు. ఇలా రెండు చోట్లా అడగొచ్చని చాలామందికి తెలియదు. ఒకే ఖర్చు రెండుసార్లు రాదు, మిగిలిన భాగమే వస్తుంది.

క్లెయిమ్ అన్యాయంగా తిరస్కరిస్తే ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాయాలి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకీ ఆ కార్యాలయం హైదరాబాద్ లక్డీకాపూల్‌లో ఉంది. లాయరు అక్కర్లేదు, ఫీజు లేదు. మా పిన్ని కూతురి విషయంలో అక్కడిదాకా వెళ్లడానికి కాగితాలు సిద్ధం చేసుకున్నాం, ఈలోగా డబ్బు వచ్చేసింది.

మొన్న డిసెంబరు రెన్యూవల్‌కి మెటర్నిటీ ఉన్న ఆ పాలసీ వదిలేశాం. ఇద్దరు పిల్లలు చాలు కాబట్టి ఇక ఆ ఎనిమిది వేలు కట్టడం దండగ. గది అద్దె లిమిట్ లేని పది లక్షల పాలసీకి పోర్ట్ అయ్యాం, అంటే పాత వెయిటింగ్ లెక్క పోకుండా మారాం. రెన్యూవల్ తేదీకి 45 రోజుల ముందే దరఖాస్తు పెట్టాలి, మేం ఇంకో వారం ముందే పెట్టాం. పాత ఐదు లక్షల వరకూ వెయిటింగ్ లెక్క అలాగే వచ్చింది, పెరిగిన ఐదు లక్షలకు మాత్రం మళ్లీ మొదటి నుంచి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేయడంతో ప్రీమియం మేం భయపడినంత పెరగలేదు. ఫారంలో బాబు ఎన్ఐసీయూలో ఉన్న సంగతి రాసి డిశ్చార్జ్ సమ్మరీ జతపెట్టాం. వాళ్లు పిల్లల డాక్టరు నుంచి ఇప్పటి ఎదుగుదల గురించి ఒక సర్టిఫికెట్ అడిగారు, ఇచ్చాక ఏ షరతూ లేకుండా నలుగురినీ తీసుకున్నారు.