పిల్లల సాహస కథకు ఏది మేలు: వచనమా, అంత్యప్రాసా, ద్విపదా?

కొండపల్లి పొణికి చెక్క గుర్రం బొమ్మ ఒకటి రాత్రిపూట ప్రాణం పోసుకుని ఖిల్లా ఎక్కే కథ రాస్తున్నాను. నవలంత పొడవు, అదీ ప్రాసలతో. విజయవాడ సత్యనారాయణపురంలో మా మేనకోడలు ఉంది, తొమ్మిదేళ్లది. మొదటి శ్రోత అదే.

ముందు అంత్యప్రాస పట్టుకున్నా. "గుర్రం లేచింది, గోడను దూకింది, గుట్టను ఎక్కింది." రెండో పేజీకల్లా పిల్ల నాకంటే ముందే "ఇందీ" అని అందుకోవడం మొదలెట్టింది. తెలుగు వాక్యం ఎక్కువగా క్రియతోనే ముగుస్తుంది కదా, ఈ ప్రాస ఊరికే దొరుకుతుంది. నాలుగు పంక్తుల పాటకు ముద్దుగా ఉంటుంది. వంద పేజీలంటే చెవులు మొద్దుబారతాయి.

ద్విపద అంటే రెండేసి పాదాల (పంక్తుల) పద్యం. అందులో ప్రాస పాదం మొదట్లోనే, రెండో అక్షరంలో పడుతుంది:

కొండపల్లి తెలుపు గుర్రమ్ము లేచె
బండరాళ్లను దాటి పైపైకి సాగె

పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం; గణమంటే కొన్ని అక్షరాల కొలత. ఆ లెక్కతో పిల్లకు పనేముంది? స్పూనుతో కంచం మీద దరువేసుకుంది. వేస్తూనే "గుర్రమ్ము ఏంటి మామయ్యా, గుర్రం కదా?" అంది. దొరికిపోయాను. గణం కుదరాలంటే మాటను అలా సాగదీయక తప్పదు. ప్రాస వదిలేసి మంజరీ ద్విపద రాస్తే చేతికి కాస్త వెసులుబాటు. శ్రీనాథుడి పేరు మీదున్న పల్నాటి వీరచరిత్ర ఆ నడకలోదే. మన గుంటూరు పక్క కథే, కోడిపందెంతో సహా.

ఇక వచనం. ఖిల్లాలో తలుపు ఎలా తెరుచుకుందో విప్పి చెప్పాలన్నా, పిల్ల తనంతట తాను చదువుకోవాలన్నా దాన్ని మించింది లేదు. ఇంగ్లీష్ మీడియం పిల్లలకు ఒత్తులే ఒక కొండ, పైన ఛందస్సు కూడానా!

నా ఓటు మాత్రం బుర్రకథ పద్ధతికి. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన నాజర్ పేరు చెబితే గుర్తొచ్చేది అదేగా: కథ ఉరకాల్సిన చోట పాట, ఆగి చెప్పాల్సిన చోట మాట, మధ్యలో హాస్యపు వంత, అంటే పక్కనుండి నవ్వించే తోడు. అందుకే గుర్రం పరుగులన్నీ ద్విపదలో ఉంచి మిగతాది వచనంలోకి మార్చాను. హాస్యం పని అంబారీ ఏనుగు బొమ్మకు అప్పగించాను. అది గుర్రాన్ని "ఏమండీ గుర్రమ్ముగారూ" అని పిలుస్తుంది.