సూరకు ఏ గాలం మేలు?

మొన్న ఆదివారం బెజవాడ చేపల మార్కెట్లో "సూర ఉందా అమ్మా?" అని అడిగితే, ఆమె మూరెడు సొరపిల్లను తీసి బల్ల మీద పడేసింది. ఇంట్లో బాలింత ఉందనుకుందిట! బొచ్చె, శీలావతి తినే ఊరు మనది, సూర, అదే ట్యూనా, అడిగేవాళ్లెందరు? ఇంటికొచ్చాక తట్టింది, సూరను పట్టే లాంగ్‌లైన్ మీదున్న తగువు కూడా ఇదేనని. సూర కోసం వేస్తే సొర (షార్క్) తగులుతుంది.

లాంగ్‌లైన్ అంటే పదుల కిలోమీటర్ల తాడు. దానికి వరసగా చిన్న తాళ్లు, ఒక్కోదానికి ఓ గాలం, ఎరగా స్క్విడ్డో కానాగంతో. పెద్ద ఓడైతే ఒక్కసారికి రెండు మూడు వేల గాలాలు వేసి గంటల తరబడి వదిలేస్తుంది. సొరా మింగుతుంది, తాబేలూ మింగుతుంది. సొరలు ఆలస్యంగా ఈడుకొస్తాయి, పిల్లల్ని కొద్దిగానే పెడతాయి. తగ్గితే మళ్లీ పెరగడం కష్టం.

విశాఖ వైపు చిన్న బోట్లవాళ్లు వేసే చేతి గాలంలో ఈ బాధ తక్కువ. తాడు మనిషి చేతిలోనే ఉంటుంది, తగిలింది తాబేలైతే బతికుండగానే వదిలేయొచ్చు. నా మొగ్గు ఇటే. కానీ ఒక చిక్కుంది: వేల బోట్లు, ఎవరు ఎంత పట్టారో లెక్క రాసేదెవరు? పెద్ద ఓడలకు కనీసం నిబంధనలున్నాయి. హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ 24 మీటర్లు దాటిన ఓడల్లో 5 శాతం వేటలకు పరిశీలకులుండాలంది. వందలో 5! మిగతా 95 ఓడవాళ్ల మాటే. 2015లో పసుపు రెక్కల సూరను మితిమీరి పట్టారని తేలాక, 2016లో ఎక్కువ పట్టే దేశాల పట్టుకు కోత పెట్టారు: లాంగ్‌లైన్‌కు 10 శాతం, చేపల గుంపును చుట్టేసి లాగే చుట్టువలకు 15.

ఆ చుట్టువల నాకసలు నచ్చదు. తేలే తెప్పల కింద చేరే సూర పిల్లల్ని మూకుమ్మడిగా లాగేస్తుంది. దాని పక్కన లాంగ్‌లైన్ నయం, పెద్ద చేపలే ఎక్కువగా పడతాయి. గాలాలు లోతుగా దించి, గుండ్రటి సర్కిల్ హుక్కులు వాడితే తాబేళ్లకూ కాస్త ఊరట.

ఈ ఆదివారం నిజంగానే సూర దొరికింది. "గాలానిదా, వలదా?" అన్నాను.

"నాకేం తెలుసు బాబూ, ఐసు పెట్టెలో వచ్చింది. ముక్కలు కొట్టమంటావా?"