టెక్సాస్ లైసెన్సు సస్పెన్షన్, ఎస్‌ఆర్-22 ఫైలింగ్: శ్రీకాకుళంలో కూర్చుని చేయించుకున్నా, 5కి 4

నేను రివ్యూ రాస్తున్నది డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉన్న ఒక చిన్న ఇన్సూరెన్స్ ఏజెన్సీ గురించి. పేరు రాయట్లేదు, ఎందుకంటే వాళ్ల వల్ల ఒక తప్పు కూడా జరిగింది, ఆ తప్పు సరిదిద్దిన పద్ధతి చూశాకే ఈ 4 స్టార్లు ఇస్తున్నా. మన శ్రీకాకుళం, టెక్కలి, పలాస నుంచి ఎమ్మెస్‌కని వెళ్లి అక్కడ పాత కారు ఒకటి కొనుక్కుని తిరిగే పిల్లలు చాలామంది ఉన్నారు, కారు ఇన్సూరెన్స్ లేక లైసెన్సు సస్పెండయ్యే ఈ కష్టం వస్తే వాళ్లకి ఎవర్ని ఏం అడగాలో కూడా తెలీదు, నాకు తెలీలేదు కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నా.

నాకు కారు ఇన్సూరెన్స్ లేదని టికెట్, అంటే పోలీసు రాసే కేసు చీటీ, రెండుసార్లు పడింది. మొదటిది చదువుకునే రోజుల్లో. రెండోది 2024 అక్టోబర్‌లో, ఆటో పే పెట్టిన కార్డు ఎక్స్‌పైర్ అయిపోయి ప్రీమియం కట్ అవ్వలేదు, మెయిల్స్ వచ్చాయి గానీ చూసుకోలేదు, పాలసీ క్యాన్సిల్ అయిన పన్నెండో రోజున పోలీసు ఆపాడు. కోర్టు చుట్టూ తిరగడం ఎందుకని ఆన్‌లైన్‌లో ఫైన్ కట్టేశా. అక్కడే అసలు దెబ్బ పడింది. ఫైన్ కట్టేయడమంటే కన్విక్షన్, అంటే నేరం రుజువైనట్టు రికార్డులో రాయించుకున్నట్టే. టెక్సాస్‌లో మొదటిసారికి 175 నుంచి 350 డాలర్లు, ఆ తర్వాత దొరికితే 350 నుంచి 1000 దాకా, దానికి తోడు రెండో కన్విక్షన్‌కి లైసెన్సు సస్పెండ్. ఆపిన రోజుకి పాలసీ నిజంగా నడుస్తూ ఉండి, కార్డు మాత్రం చేతిలో లేకపోతే కోర్టుకి ఆ రుజువు చూపిస్తే కేసు కొట్టేస్తారు. అలాంటోళ్లు దయచేసి తొందరపడి ఫైన్ కట్టేయొద్దు.

డిసెంబర్‌లో కారు అమ్మేసి, చెల్లి పెళ్లికని సంక్రాంతి ముందు ఇంటికొచ్చా. వచ్చిన నాలుగో రోజున రూమ్మేట్ వాట్సాప్‌లో ఒక ఉత్తరం ఫోటో పెట్టాడు, టెక్సాస్ డీపీఎస్ (అక్కడ లైసెన్సులు ఇచ్చే ప్రభుత్వ శాఖ) నుంచి, లైసెన్సు సస్పెండ్ అవుతుందని. అప్పటికి ఇంటినిండా చుట్టాలు, వాకిట్లో పందిరి వేస్తున్నారు. నాన్న ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు, ఆయన లైసెన్సు ఇప్పటికీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి బ్యాంకు పాస్‌బుక్‌ల మధ్యన దాచుకుంటాడు. ఫోటో చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఏట్రా ఇది, కొత్త ఇన్సూరెన్సు కట్టీసి ఆ కాయితం ఆళ్లకి చూపించీలేవా" అన్నాడు. నేనూ అదే అనుకున్నా. మన దగ్గరైతే ఇన్సూరెన్స్ లేకుండా దొరికితే మొదటిసారి 2000, మళ్లీ దొరికితే 4000 రూపాయలు, చట్టంలో మూడు నెలల దాకా జైలు కూడా ఉంది, పాలసీ ఉంటే ఫోన్లో ఎంపరివాహన్‌లోనో డిజిలాకర్‌లోనో చూపిస్తే చాలు. అక్కడ అలా కుదరదు. మామూలు ఇన్సూరెన్స్ కార్డు గానీ పాలసీ కాగితం గానీ చూపిస్తే తీసుకోరు. ఎస్‌ఆర్-22 అని ఒక సర్టిఫికెట్ కావాలి.

చాలామంది ఎస్‌ఆర్-22 అంటే అదేదో స్పెషల్ ఇన్సూరెన్స్ అనుకుంటారు. కాదండీ. ఫలానా మనిషికి మా దగ్గర పాలసీ ఉంది, అది ఆగిపోతే మీకు మేమే చెప్తాం అని కంపెనీ ప్రభుత్వానికి ఇచ్చే హామీ అది. ఒక్క పేజీ. పాలసీ ఆగిపోతే అదే కంపెనీ ఎస్‌ఆర్-26 అని ఇంకో కాగితం పంపేస్తుంది, లైసెన్సు మళ్లీ పోతుంది. టెక్సాస్‌లో కన్విక్షన్ తేదీ నుంచి రెండేళ్లు దీన్ని తెగకుండా నడపాలి. చాలా రాష్ట్రాల్లో అయితే మూడేళ్లు.

ఇక కొనడం దగ్గరికి వస్తే మొదట నా పాత కంపెనీకే ఫోన్ చేశా. కారు లేదంటే పాలసీ లేదన్నారు, పాలసీ లేదంటే ఫైలింగ్ లేదన్నారు, అంతే. తర్వాత ఒక వెబ్‌సైట్, అరగంటలో ఎస్‌ఆర్-22 అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది, 50 డాలర్లు ప్రాసెసింగ్ అని తీసుకుని ఇన్సూరెన్స్ ఐడీ కార్డు పీడీఎఫ్ పంపి ఊరుకున్నారు. ఫైల్ చేశారా అని అడిగితే "అవుతుంది" అంటారు, వారం గడిచింది, ఏమీ అవ్వలేదు. డబ్బులు వెనక్కి రాలేదు. మీరు ఎవరి దగ్గర కొన్నా సరే, డబ్బు కట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: ఏ తేదీన డీపీఎస్‌కి పంపుతారు, పంపిన కాపీ నాకు ఇస్తారా అని. దానికి సూటిగా జవాబు చెప్పనోళ్ల దగ్గర ఆగకండి.

ఇర్వింగ్ ఏజెన్సీ నంబర్ నా స్నేహితుడు ఇచ్చాడు. వాళ్లు పొద్దున్న 9కి తెరిస్తే మనకి రాత్రి 8:30, వాళ్లకి మధ్యాహ్నం 3 అంటే మనకి తెల్లవారుజామున 2:30. అమెరికా సిమ్ము వైఫై కాలింగ్‌లో పెట్టుకుని మేడ మీద కూర్చుని మాట్లాడేవాణ్ణి, కింద పెళ్లివారి హడావుడి. ఫోనెత్తిన ఏజెంటు ఆవిడ మొదట అడిగింది ప్రీమియం గురించి కాదు, సస్పెన్షన్ ఎందుకొచ్చింది, ఉత్తరం మీద ఏం రాసుంది చదువు అంది. చదివా. కారు ఉందా అంది, అమ్మేశానన్నా. రూమ్మేట్ కారు రోజూ వాడతావా అని అడిగింది, లేదన్నా. అప్పుడు చెప్పింది నాన్-ఓనర్ పాలసీ అని ఒకటుంటుంది, కారు లేనోళ్లకి, ఎవరిదైనా కారు ఎప్పుడైనా తీసినప్పుడు మన వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికే అది పనికొస్తుంది, మనం నడిపిన కారు రిపేరుకి రూపాయి రాదు, ఇంట్లో రోజూ అందుబాటులో ఉండే కారుకి కూడా వర్తించదు అని. రేపు నేను కారు కొన్న రోజునే చెప్పాలంది, అదే రోజు ఓనర్ పాలసీకి మార్చాలంట. టెక్సాస్‌లో ఎదుటివాళ్ల నష్టానికి ఉండాల్సిన కనీస కవరేజీ (లయబిలిటీ) 30/60/25, అంటే ఒక మనిషికి గాయాలైతే 30 వేలు, మొత్తం యాక్సిడెంట్‌కి 60 వేలు, ఆస్తి నష్టానికి 25 వేల డాలర్లు. ఆరు నెలలకి నాకు 290 డాలర్ల చిల్లర పడింది, ఫైలింగ్‌కి ఇంకో 25. ఇంత ఓపిగ్గా విడమరిచి చెప్పినావిడని నేను ఆ దేశంలో ఇంకెక్కడా చూళ్లేదు, నిజంగా చెప్తున్నా.

జనవరి 23న ఫైల్ చేశారు, కాపీ మెయిల్‌లో వచ్చింది. తేదీ చూశా, పాలసీ నంబర్ చూశా, ఓనరా ఆపరేటరా అని రెండు గడులు ఉంటాయి, నాకు కారు లేదు కాబట్టి ఆపరేటర్ దగ్గరే టిక్ ఉంది, బాగానే ఉందనుకున్నా. పేరు సరిగ్గా చూళ్లేదు. మనకి ఇంటిపేరు ముందు, పేరు వెనక, అందులోనూ నా పేరు రెండు ముక్కలు. లైసెన్సు మీద రెండు ముక్కలూ ఫస్ట్ నేమ్‌లో ఉన్నాయి, ఇంటిపేరు లాస్ట్ నేమ్‌లో. వీళ్లు రెండో ముక్కని లాస్ట్ నేమ్ చేసి ఇంటిపేరు తీసుకెళ్లి మధ్యలో పెట్టారు. డీపీఎస్ రికార్డుకి అది కలవలేదు. పది రోజులు రోజూ స్టేటస్ పేజీ తెరిచి చూస్తే ఎస్‌ఆర్-22 ఇంకా రావాలి అనే చూపిస్తోంది. అది ప్రాసెస్ అవ్వడానికి 21 పనిరోజుల దాకా పట్టొచ్చని రాసి ఉంటుంది కాబట్టి ఆలస్యమే అనుకుని కూర్చున్నా.

ఫిబ్రవరి 3 రాత్రి, మర్నాడు రథసప్తమి. అమ్మా నాన్నా చుట్టాలతో కలిసి అరసవల్లి క్యూలో నిలబడ్డానికి వెళ్లిపోయారు, అర్ధరాత్రి క్షీరాభిషేకం మొదలయ్యాక నిజరూప దర్శనం కదా, అమ్మ నన్ను కూడా రమ్మంది, కాల్ ఉందని ఆగిపోయా. వీధంతా జనం, మేడ మీదికి వినిపిస్తున్నారు. ఊరికే కూర్చోలేక ఆ పీడీఎఫ్‌ని, లైసెన్సు ఫోటోని పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చా. అప్పుడు కనిపించింది. గుండె జారిపోయింది, తిరుగు టికెట్ ఫిబ్రవరి ఆఖరికి ఉంది, కారు లేకుండా మా ఆఫీసుకి వెళ్లే దారి లేదు. ఫోన్ చేస్తే ఆవిడే ఎత్తింది. నేను చెప్పడం పూర్తవ్వక ముందే తన స్క్రీన్ తెరిచి చూసి "ఇది మా తప్పు" అంది. లైసెన్సు మీద ఉన్నది ఉన్నట్టు స్పెల్లింగ్ చెప్పమని మళ్లీ నాకే చదివి వినిపించింది, ఆ రోజే సరిచేసి పంపారు, రెండోసారి ఫైలింగ్ ఫీజు అడగలేదు. కాపీ వచ్చేసరికి మనకి తెల్లారిపోతోంది, నాన్నావాళ్లు దర్శనం చేసుకుని ప్రసాదంతో మెట్లెక్కి వస్తున్నారు. "అయ్యిందేట్రా" అని నాన్న అడిగాడు. పంపారు నాన్నా, ఇంకా రావాలి అన్నా.

ఫిబ్రవరి 21న స్టేటస్ మారింది. లైసెన్సు తిరిగి ఇవ్వడానికి తీసుకునే 100 డాలర్ల రీఇన్‌స్టేట్‌మెంట్ ఫీజు ఆన్‌లైన్‌లో కట్టా, ఆ తర్వాత ఎలిజిబుల్, అంటే ఇక నడపొచ్చు అని పడింది. ఆ ఫీజు వేరు, ప్రీమియం వేరు, ఫైలింగ్ వేరు, మూడూ కలిపి లెక్కేసుకోండి. ఎలిజిబుల్ అని పడేదాకా స్టీరింగ్ ముట్టుకోవద్దు, ఎస్‌ఆర్-22 పంపేశారు కదా అని నడిపితే సస్పెన్షన్‌లో నడిపినట్టే, అది ఇంకో కేసు.

ఒక స్టార్ తగ్గించింది ఆ పేరు తప్పుకే. మన పేర్లతో అక్కడ ఇది కొత్తేం కాదు, పంపే ముందే లైసెన్సు ఫోటో అడిగి ఉంటే పది రోజులు కలిసొచ్చేవి. ఈమధ్య రెన్యువల్‌కి ఫోన్ చేసినప్పుడు చెప్పింది, ఇప్పుడు అందరి దగ్గరా ఫోటో తీసుకుంటున్నారంట. రెన్యువల్ తేదీకి ఇరవై రోజుల ముందే ఆవిడ మెసేజ్ పెడుతుంది, దాంతోపాటు నాన్న కూడా శ్రీకాకుళం నుంచి ఫోన్ చేసి కట్టావా అని అడుగుతాడు, ఆయన ఆ తేదీని ఇంట్లో క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాసుకున్నాడు.