చిత్తూరులో మా షుగర్ క్లినిక్‌లో ఓపెన్‌ఈఎంఆర్: ఏళ్ల వాడకం తర్వాత

మా క్లినిక్‌కు వచ్చేవాళ్లలో ఎక్కువమంది షుగరు, బీపీ ఉన్నవాళ్లే. ఒకసారి చూసి పంపేసే జబ్బులు కావివి. అందుకే రికార్డుల సాఫ్ట్‌వేర్‌లో నేను మొదట చూసేది, పాత అంకె కొత్త అంకె పక్కన కనబడుతుందా లేదా అని. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్షలో ఒక ఏడు 0.9, మరుసటి ఏడు 1.1, ఆపై 1.3 వచ్చిందనుకోండి. చాలా ల్యాబ్ కాగితాల మీద ఈ మూడూ నార్మలే. విడివిడిగా చూస్తే ఎవరికీ అనుమానం రాదు. ఒకే వరుసలో పెడితే మాత్రం కిడ్నీ సంగతి ఇప్పుడే చూడాలని తెలిసిపోతుంది. పేషెంట్ల రికార్డుల సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఈఎంఆర్‌ను ఇన్నేళ్లుగా వదలకపోవడానికి నాకున్న పెద్ద కారణం అదే.

డయాబెటిస్ అని సమస్యల జాబితాలో ఎక్కించి, రిమైండర్ నియమాలు ఆన్ చేసుకుంటే హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగరు సగటు), కంటి పరీక్ష, పాదాల పరీక్ష, మూత్రంలో మైక్రోఆల్బుమిన్ (కిడ్నీ దెబ్బతింటోందేమో చెప్పే ప్రొటీన్) ఎప్పుడు చెయ్యాలో అదే గుర్తు చేస్తుంది. చెప్పుల్లేకుండా మామిడి తోటల్లో తిరిగే రైతుల పాదాలు చూడకుండా పంపకూడదు. ఓపీ కిటకిటలాడే రోజున ఆ గుర్తు ఎంత విలువైనదో డాక్టర్లకు వేరే చెప్పక్కర్లేదు.

అయితే ఇన్‌స్టాల్ చేసిన రోజునే వాడుకోవచ్చని అనుకోకండి. ఇది అమెరికా క్లినిక్‌ల కోసం పెరిగిన సాఫ్ట్‌వేర్. సోషల్ సెక్యూరిటీ నంబరు, జాతి, ఇన్సూరెన్స్ క్లెయిములు, అక్కడి బిల్లుల్లో వైద్య సేవలకు రాసే సీపీటీ కోడ్‌లు అన్నీ ఎదురొస్తాయి. లేఅవుట్ ఎడిటర్‌లో మనకు అక్కర్లేని గళ్లు తీసేయొచ్చు, కావలసినవి కలుపుకోవచ్చు. తేదీ వరస, కిలోలు, సెంటీమీటర్లు కూడా సెట్టింగుల్లో మార్చుకోవాలి.

అసలు తంటా పేర్లతో. మా వైపు మునిరత్నాలు, మునెమ్మలు ప్రతి ఊళ్లో ఉంటారు. ఇంగ్లిష్‌లో ఒకరు 'టీ' తో రాస్తారు, ఒకరు 'టీహెచ్' తో రాస్తారు. ఇంటిపేరు ఒకసారి ముందు, ఒకసారి వెనక, ఒకసారి ఉత్త ఇనీషియల్. ఫోన్ నంబరుతో వెతుకుదామంటే ఇంటిల్లిపాదికీ కొడుకు నంబరే. మేము తండ్రి లేక భర్త పేరు, ఊరు అనే గళ్లు తప్పనిసరి చేశాం. పైగా ప్రతి ఒక్కరికీ నంబరున్న చిన్న కార్డు ఇస్తాం. "కార్డు తెచ్చినావామ్మా?" అన్నదే కౌంటర్లో మొదటి మాట. ఒకరి మందులు ఇంకొకరి పేరు కింద పడకుండా ఉండాలంటే ఈ జాగ్రత్తే కావాలి. సాఫ్ట్‌వేర్ దీన్ని తనంతట చెయ్యదు.

రాయవేలూరు (వెల్లూరు) పెద్దాసుపత్రికి వెళ్లొచ్చినవాళ్లు సంచీ నిండా కాగితాలు తెస్తారు. వాటిని స్కాన్ చేసి డాక్యుమెంట్స్‌లో రకం వారీగా పెడతాం. స్కాన్ చేసిన కాగితంలోని అంకె గ్రాఫ్‌లోకి రాదు, కాబట్టి ముఖ్యమైనవి నర్సమ్మ చేతితో ఎక్కించాల్సిందే.

లైసెన్సు జీపీఎల్, అంటే ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. డేటా ఉండేది మారియాడీబీ అనే డేటాబేస్‌లో. ఇంతకుముందు డబ్బు కట్టి వాడిన ఒక సాఫ్ట్‌వేర్ మూతపడితే పేషెంట్ల చరిత్ర బయటికి తీసుకోలేక చాలా నష్టపోయాం. ఇక్కడ డేటాబేస్ మన కంప్యూటర్లోనే ఉంటుంది, లోకల్ నెట్‌వర్క్ మీద నడుస్తుంది, ఇంటర్నెట్ పోయినా ఓపీ ఆగదు. కాకపోతే కాపలా కూడా మనదే. 2018లో భద్రతా పరిశోధకులు ఇందులో 20కి పైగా లోపాలు బయటపెట్టారు, తయారీదారులు వాటిని సరిచేశారు. ప్యాచ్‌లు (లోపాలు సరిచేసే అప్‌డేట్లు) వచ్చినప్పుడల్లా వెయ్యాలి, సర్వర్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచిపెట్టకూడదు. రోజూ తీసే బ్యాకప్‌ను వేరే మిషన్‌లో ఎక్కించి తెరుచుకుంటుందో లేదో చూడాలి. లినక్స్ తెలిసిన మనిషి పిలిస్తే పలికేంత దూరంలో లేకపోతే దీని జోలికి వెళ్లొద్దని గట్టిగా చెబుతాను.

పడకలు, సొంత ల్యాబ్, మందుల స్టోరు ఉన్న ఆసుపత్రికి నేనైతే బామ్నీ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ చూడమంటాను. ఛత్తీస్‌గఢ్‌లోని గనియారిలో జన స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రి అవసరాల నుంచి పుట్టిందది. రికార్డులకు ఓపెన్‌ఎంఆర్‌ఎస్, ల్యాబ్‌కు ఓపెన్‌ఎలిస్, బిల్లులకు, స్టాకుకు ఓడూ కలిపి కట్టారు. ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఖాతా నంబరు ఆభాతో రికార్డులు జోడించే ఏర్పాటు కూడా అందులో ఉంది. ఒకరిద్దరు డాక్టర్లున్న ఓపీ క్లినిక్‌కు అంత బరువు అక్కర్లేదు, ఓపెన్‌ఈఎంఆర్ చాలు.