బెత్తెడు దూరంలో కథ: నాలుగేళ్లు వాడిన డైనమిక్ మైకు

కథ చెప్పే నేర్పు గురించి తెలుగులో ఒక పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాలని 2021లో నిశ్చయించుకున్నప్పుడు నేను మొదట కొన్నది చుట్టుపక్కల సన్నని చప్పుళ్లను కూడా పట్టే కండెన్సర్ మైకు. అది నాసిరకం వస్తువు కాదు, కానీ హైదరాబాదులో మూడో అంతస్తులో ఉన్న మా గదికి పనికిరాలేదు. సీలింగు ఫ్యాను, పక్కింటి కుక్కరు కూత, వీధిలో కూరగాయల బండివాడి కేక, అన్నీ నా గొంతుతో పోటీపడి రికార్డయ్యాయి. నెల తిరగకుండానే దాన్ని పక్కన పెట్టి, నేరుగా కంప్యూటరుకు కలిపే యూఎస్‌బీ, స్టూడియో పరికరాలకు కలిపే ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లు రెండూ ఉన్న, దగ్గరి ధ్వనినే ప్రధానంగా పట్టే డైనమిక్ మైకును దాదాపు 8 వేల రూపాయలకు తీసుకున్నాను. ఈ కోవకు చెందిన మైకులు రెండు మూడు కంపెనీలవి దొరుకుతాయి. వాటి పనితీరులో పెద్ద తేడా లేదు కనుక నా అనుభవం వాటన్నిటికీ చాలావరకు వర్తిస్తుంది.

డైనమిక్ మైకుతో మొదట కుదుర్చుకోవలసినది దూరం. నోటికి బెత్తెడు దూరంలో ఉంటే గొంతు నిండుగా వస్తుంది. జానెడు దాటితే మాట పలచబడి, గది గోడల ప్రతిధ్వని పైకి తేలుతుంది. మరీ దగ్గరికి జరిగితే గొంతులోని మంద్రస్థాయి పెరుగుతుంది. ఈ లక్షణం కథకుడికి ఎంత ఉపయోగమో నాకు మొదటి భాగంలోనే తెలిసింది. ఆ భాగానికి 1910లో వచ్చిన గురజాడ ‘దిద్దుబాటు’ను ఎంచుకున్నాను. రచయిత మరణించి 60 ఏళ్లు దాటిన రచన కావడం వల్ల కాపీరైటు చిక్కు లేదు, పైగా కథ ఎక్కువగా సంభాషణల మీద నడుస్తుంది. గోపాలరావుకు ఒక గొంతు, నౌకరు రాముడికి మరొక గొంతు పెట్టి చదివితే నాటకం డైలాగుల్లా వినిపించింది. గొంతు మార్చకుండా, ఒకరి మాటకు రెండు వేళ్లు ముందుకు, మరొకరి మాటకు రెండు వేళ్లు వెనక్కు జరిగి చదివినప్పుడు ఇద్దరు మనుషులు ఉన్నట్టు తెలిసింది, కథ కథలాగే మిగిలింది.

ఇబ్బందులూ ఉన్నాయి. ప, ఫ, భ పలికినప్పుడు గాలి దెబ్బ మైకుకు నేరుగా తగులుతుంది, కాబట్టి దాన్ని నోటికి ఎదురుగా కాక పెదవి మూలకు కొంచెం ఏటవాలుగా పెట్టుకోవాలి. పైన తొడిగే స్పాంజి రెండో వానాకాలానికే పొడిపొడిగా రాలింది. మూడో ఏడు యూఎస్‌బీ సాకెట్టు వదులై, గంటసేపు చేసిన రికార్డింగు మధ్యలో తెగిపోయింది. కూడా వచ్చిన పొట్టి స్టాండు బల్ల మీద చెయ్యి ఆనించినా ఆ చప్పుడును మోసుకొస్తుంది. బల్లకు బిగించి చేయిలా వంచుకునే స్టాండు విడిగా కొనక తప్పదు.

ఎడిటింగుకు నేను వాడేది ఉచితంగా దొరికే ఆడాసిటీ. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకుని 2000లో విడుదలైన ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు లోటు కనిపించలేదు, కానీ దానిలోని రెండు సదుపాయాలను నేను తప్పుగా వాడాను. మన భాష అజంతం. వాక్యం చివర ‘అన్నాడు’, ‘వెళ్లిపోయింది’ అంటున్నప్పుడు ఆఖరి అచ్చు మెల్లగా దిగిపోతుంది. వెనకటి రొదను తగ్గించే నాయిస్ రిడక్షన్ అతిగా పెడితే ఫ్యాను చప్పుడుతో పాటు ఆ తోక కూడా అరిగిపోయి, గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టవుతుంది. నిశ్శబ్దాలను కుదించే ట్రంకేట్ సైలెన్స్ మరింత హాని చేసింది: కథకుడు కావాలని ఆగిన చోటును, తడబడి ఆగిన చోటును అది వేరు చేయలేదు. మొదటి పది భాగాలు ఇప్పుడు వింటే ఊపిరి తీసుకోవడానికి వ్యవధి లేకుండా పరుగెత్తినట్టున్నాయి. ఇప్పుడు ప్రతి విరామాన్నీ విని, చేత్తోనే కత్తిరిస్తాను.

అయినా ఈ మైకును నేను వదలకపోవడానికి అసలు కారణం దాని వెనకవైపు. ఇది కార్డియాయిడ్ తరహా మైకు. ముందున్న ధ్వనిని తీసుకుని వెనకనున్నదాన్ని బాగా తగ్గిస్తుంది. మన ఇళ్లలో కథ చెప్పేవారికి ఎదురుగా ఊ కొట్టేవారు ఉంటారు. ఆ ‘ఊ’ ఆగితే పిల్ల నిద్రపోయిందని తెలుస్తుంది, జోరందుకుంటే అక్కడ కథను సాగదీయవచ్చని తెలుస్తుంది. ఖాళీ గదిలో మైకుతో మాట్లాడుతున్నప్పుడు నాకు కరువైనది సరిగ్గా అదే, అందుకే మొదటి ఏడాది నా కథనం పాఠం అప్పజెప్పినట్టు ఉండేది. రెండో ఏడు నుంచి మా మేనకోడల్ని మైకు వెనక, నాకు ఎదురుగా కూర్చోబెట్టుకుంటున్నాను. ఆమె ఊ కొడుతుంది, నేను ఆమెకు చెబుతాను. రికార్డింగులో ఆ ఊకొట్టుడు ఎక్కడో పక్కగదిలోంచి వస్తున్నంత సన్నగా ఉంటుంది. దాన్ని నేను తుడిచివేయను.

ఒక మైకు ఇద్దరికి చాలదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. బుర్రకథ బృందంతో మాట్లాడినప్పుడు నడుమ తంబుర పట్టిన కథకుడికి, ఇటు హాస్య వంతకు, అటు రాజకీయ వంతకు తలా ఒకటి కావలసి వచ్చింది. ఆడాసిటీ ఒకసారికి ఒకే పరికరం నుంచి రికార్డు చేస్తుంది కాబట్టి మూడు యూఎస్‌బీ మైకులతో పని జరగదు. అప్పటిదాకా ముట్టుకోని ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్టు ఆ రోజు అక్కరకొచ్చింది: నా మైకుకు అలాంటివే మరో రెండు అద్దెకు తెచ్చి, మైకులను కంప్యూటరుకు కలిపే నాలుగు దారుల ఆడియో ఇంటర్‌ఫేసుకు తగిలించి, ముగ్గురినీ మూడు ట్రాకుల్లో రికార్డు చేయగలిగాను.